ధూమావతికి వీడ్కోలు చెప్పేదెవరు?

గడ్డి కట్టడం, మట్టి మెత్తడం, చివరికి కంటిపాప దిద్దడం... బెంగాల్ శాంతిపురంలో మా వీధి అమ్మవారి విగ్రహానికి అన్నీ నిభారాణి చేతులే చేసేవి. నిమజ్జనం రోజు మాత్రం ఆ చేతులు అశుభం. ముత్తయిదువలు పీటలెక్కి తమలపాకులతో అమ్మ చెంపలు తుడిచి, నోటికి సందేశ్ మిఠాయి అందించి, సిందూరం అద్ది సాగనంపుతుంటే, మొగుడు పోయిన నిభారాణి పందిట్లో అడ్డంగా కట్టిన తాడుకు ఇవతల నిలబడేది. పొమ్మనే పని ఎవరికీ పెట్టకుండా తానే దూరంగా ఉండేది.

ఆ ఏడు కాళీపూజకు, పూజ జరిపించే మా వీధి క్లబ్బువాళ్ళు దశమహావిద్యలు చేయించారు. అమ్మ పది రూపాలూ ఒకే వరసలో. అందులో ధూమావతి విధవ. తెల్లచీర, వడలిన ఒళ్ళు, చేతిలో చేట, రథం మీద కాకి. క్లబ్బు కార్యదర్శి భార్య ప్రమీల చూసి మొహం చిట్లించి, వీధంతా మాసీ, అంటే పిన్నీ, అని పిలిచే నిభారాణిని అడిగింది.

"పండగపూట ఈ వేషమేంటి మాసీ? అమ్మకి ముత్తయిదువలు కట్టే ఎర్రంచు చీర కట్టకూడదూ?"

"కడతాను తల్లీ. నాకూ ఒకటి కొనిపెట్టు, ఇద్దరం కట్టుకుంటాం."

ప్రమీల విసవిసా వెళ్ళిపోయింది. చీర తెల్లగానే ఉండిపోయింది.

పూజ అయిపోయింది. సాగనంపే వేళ ముత్తయిదువల వరస ధూమావతి ముందుకొచ్చి ఆగింది. విధవకి సిందూరం పెట్టకూడదు. పెట్టకుండా ముట్టుకుంటే తమ సిందూరానికేం ముప్పోనని భయం. వీడ్కోలు చెప్పందే విగ్రహం కదలదు. పళ్ళెం చేతులు మారుతోంది.

"నువ్వు కానీ."

"అమ్మో, మా అత్త ఇంట్లోకి రానివ్వదు."

నిభారాణి తాడు కింద నుంచి దూరి వచ్చి పళ్ళెం అందుకుంది. ధూమావతి చెంపలు తుడిచింది, మిఠాయి పెట్టింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆమె మాత్రం వెనక్కి రాలేదు. నేరుగా కాళి పీట ఎక్కింది.

"చాల్లే మాసీ, నీ అమ్మకి పెట్టావుగా," అంది ప్రమీల.

"నా అమ్మ, నీ అమ్మ అని ఇద్దరున్నారా? పూజ మొదలైనప్పట్నుంచీ పది రూపాలైనా తల్లి ఒక్కతేనని పూజారిగారు మైకులో చెబుతూనే ఉన్నారు. అది అబద్ధమైతే ఆయన్నే చెప్పమను, దిగిపోతాను."

పూజారి గంట సర్దుకోవడంలో మునిగిపోయాడు.

నిభారాణి కాళి చెంపలు తుడిచి, చాచిన ఆ నాలుక మీద మిఠాయి పెట్టింది. తర్వాత తాడువైపు తిరిగింది. అక్కడ ఇంకో ఇద్దరు విధవలున్నారు. "రండే" అంది. ఒకామె వచ్చింది. ఒకామె తలవంచుకుని ఇంటికెళ్ళిపోయింది.

మరుసటేడు క్లబ్బువాళ్ళు విగ్రహం పనిని ఇంకో బొమ్మల కార్ఖానాకి అప్పగించారు. ఆ మాట చెబితే నిభారాణి నవ్వింది. "అక్కడ గడ్డి కట్టేదీ విధవేలే."

ఆ తలవంచుకుని వెళ్ళినామె మీ ఇంట్లోనూ ఉండవచ్చు. అమ్మో, అత్తో, వదినో. ఈసారి పండక్కి ఆమె దూరంగా నిలబడితే చూస్తూ ఊరుకోకండి. పళ్ళెం ముందు ఆమె చేతికివ్వండి. ఎవరైనా అడ్డొస్తే, తల్లి ఒక్కతేనా కాదా అని అందరి ముందూ అడగండి.