వానాకాలానికి వదిలిన సందు

ఆ వడ్రంగికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఏ పని చేసినా కాస్త సందు వదిలేవాడు. తలుపుకీ గుమ్మానికీ మధ్య సందు, సొరుగుకీ బల్లకీ మధ్య సందు. ఎందుకయ్యా ఇలా అని ఎవరడిగినా ఒకటే జవాబు: "వానాకాలం రానియ్యండి. చెక్క ఉబ్బుతుంది. అప్పుడు మాట్లాడదాం."

ఎండాకాలంలో ఆయన తలుపులు గాలికి తాళం వేసేవి. వాటి సందుల్లోంచి పక్కింటి రహస్యాలు ఇంట్లోకి, ఇంటి రహస్యాలు వీధిలోకి హాయిగా వచ్చిపోతుండేవి. ఇంటివాళ్ళు తిట్టుకునేవాళ్ళు. తీరా వానలు పడ్డాక ఊళ్ళో మిగతా తలుపులన్నీ బిగుసుకుపోయి జనం కిటికీల్లోంచి దూకి పనులకు వెళుతుంటే, ఆయన తలుపులు మాత్రం చిటికెన వేలితో తోస్తే మూసుకునేవి. అలా ఆయనకు పేరొచ్చింది. పేరుతోపాటు 'వానాకాలం' అనే బిరుదు కూడా వచ్చింది.

జబ్బు చెక్కతో ఆగితే బాగుండేది. చెప్పులు ఒక సైజు పెద్దవి కొనేవాడు. బస్సులో సీటంతా ఖాళీగా ఉన్నా అంచునే కూర్చునేవాడు, ఎవరైనా ఎక్కుతారేమోనని. ఎన్నింటికొస్తారంటే, "ఆరింటికి. సందు వదిలితే ఏడింటికి" అనేవాడు.

ఇలాంటి మనిషికి దొరికిన భార్య దర్జీ. కొలత అంటే కొలతే అనే రకం. ఆవిడ కుట్టిన చొక్కా తొడుక్కుంటే ఒంటికి రంగు వేసినట్టు అతుక్కుపోయేదని చెప్పుకునేవాళ్ళు. ఈ ఇద్దరికీ పెళ్ళి కుదిర్చినవాళ్ళెవరో గాని, మంచి హాస్యప్రియులు అయ్యుండాలి.

"భుజాల దగ్గర కాస్త వదులు పెట్టవే" అనేవాడు ఆయన.

"ఎందుకూ? వానాకాలంలో మీరు కూడా ఉబ్బుతారా?"

"ఏమో, చెప్పలేం."

"నేను చెప్తాను. ఉబ్బరు. చేతులెత్తండి" అని టేపు బిగించి లాగేది ఆవిడ.

ఇంట్లో ఆవిడకున్న కోరిక ఒక్కటే, వెనకగది. ఇన్నేళ్ళూ అది వడ్రంగిపని గది. ఆవిడేమో భోజనాల బల్లమీదే బట్టలు కత్తిరించి, గుండుసూదులు ఏరుకుని, ఆ తర్వాత కంచాలు పెట్టేది. ఏరడంలో ఒకటీ అరా తప్పిపోతే ఆ పూట ఇంట్లో అందరూ మెల్లగా నమిలి తినేవాళ్ళు. ఆయన పని మానేసి ఉలులకూ చిత్రికలకూ నూనె రాసి పెట్టెలో సర్దిన రోజున ఆవిడ టేపు పట్టుకుని గదంతా కొలిచింది. కిటికీ పక్కన కుట్టుమిషను, గోడవైపు కత్తిరింపు బల్ల. నిద్రలో కూడా ఆ కొలతలు అప్పజెప్పేది.

ఒకరోజు పొద్దున్నే ఇంటిముందు వ్యాను ఆగింది. అందులోంచి తుప్పుపట్టిన చిన్న లేతు మిషను దిగి, నేరుగా వెనకగదిలోకి వెళ్ళి కూర్చుంది.

"ఏమండీ, ఏమిటిది?"

"లేతు. ఇనుమూ ఇత్తడీ తిప్పి చెక్కే మిషను. ఇకనుంచి లోహపు పని మొదలుపెడుతున్నా. చిన్న ఆవిరి ఇంజన్ ఒకటి చేస్తా, అరచేతిలో పట్టేంత."

"ఇనుమంటే మీకు ఒళ్ళుమంట కదా! చెక్కలా వాసన లేదు, ఈనె గీతలు లేవు, దానికి మర్యాద లేదని జీవితమంతా తిట్టారు కదా!"

"మనిషన్నాక మారకూడదా?"

"మారండి, ఎవరొద్దన్నారు. నా గదిలో మారకండి."

అప్పటికే ఆయన వీధి దాటి ఎదురింటి తలుపు కొడుతున్నాడు. ఆ ఇంట్లో ఉండేది లేతు మేస్త్రి. కార్ఖానాలో జీవితమంతా లోహాన్ని తిప్పి తిప్పి కోసిన మనిషి. భార్య పోయాక కిటికీలకు తెరలు దించాడు. మళ్ళీ తియ్యలేదు. వీధిలో ఎవరు పలకరించినా తల ఊపి లోపలికి వెళ్ళిపోయేవాడు. అలాంటివాడు ఆ రోజు వడ్రంగి వెంట వచ్చి, మిషనును చుట్టూ తిరిగి చూసి, చాలాకాలం తర్వాత నోరు విప్పి మొదటిమాట అన్నాడు.

"ఎవడు అంటగట్టాడు బావా నీకీ తుప్పు?"

ఆనాటినుంచి రోజూ సాయంత్రం ఐదింటికి మేస్త్రి వచ్చేవాడు, ఉద్యోగానికి వచ్చినట్టు. రావడానికి కారణాలు కూడా పుష్కలంగా దొరికేవి. వడ్రంగి ఇత్తడి కడ్డీని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. వేలితో కొట్టి చెవి ఆనించేవాడు. ఈనె ఎటుపోతోందో వెతికేవాడు. ఒకనాడు కడ్డీలన్నీ గోడకు ఆనించి ఎండలో పెట్టాడు.

"ఇత్తడిని ఎండబెట్టడమేంటి బావా?"

"కొత్త సరుకు కదా. తడి ఆరనియ్యి."

మేస్త్రి నెత్తి కొట్టుకున్నాడు. కొట్టుకుంటూ కొట్టుకుంటూ నవ్వేశాడు. భోజనాల బల్ల దగ్గర కాజాలు కుడుతున్న ఆవిడకు కూడా నవ్వొచ్చింది గాని, గది గుర్తొచ్చి మానేసింది.

అసలు కథ పిస్టన్ దగ్గర మొదలైంది. సిలిండరు అంటే గొట్టం, పిస్టన్ అంటే అందులో పైకీ కిందికీ ఆడే బిరడా. ఆ రెండిటి మధ్యనుంచి ఆవిరి తప్పించుకోకూడదు. దానికి మేస్త్రి చెప్పే పరీక్ష ఆవిడకు వంటింట్లోంచి విని విని కంఠతా వచ్చేసింది.

"కింద వేలితో మూసి, పైనుంచి పిస్టన్ వదులు బావా. గాలిమీద తేలినట్టు ఆగాలి. పట్టి లాగితే టప్పుమనాలి. అప్పుడే అది సరైన కొలత."

వడ్రంగి వదిలేవాడు. పిస్టన్ బావిలో రాయిలా దబ్బున పడేది.

"మళ్ళీ సందు వదిలావా?"

"వెంట్రుకవాసి. వానాకాలం..."

"ఇత్తడి ఉబ్బదు బావా! వాన కాదుగదా, వరదలో ముంచినా ఉబ్బదు!"

"నీకు తెలీదులే. ఏదైనా ఉబ్బుతుంది, టైమొస్తే."

మర్నాడు కొత్త పిస్టన్. మళ్ళీ దబ్బు. ఇంజన్‌కి సైకిలు పంపు తగిలించి గాలి కొడితే అది 'సుయ్' మని నిట్టూర్చేది, చక్రం మాత్రం కదిలేది కాదు. పంపు కొట్టీ కొట్టీ వడ్రంగికి జబ్బలు తిరిగాయి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని ఆవిడ ఎప్పుడో తేల్చేసింది.

వానలు మొదలయ్యే ముందు బడి హాల్లో ఇలాంటి బుల్లి ఇంజన్ల ప్రదర్శన పెడుతున్నారని మేస్త్రి కబురు తెచ్చాడు. ఆవిడకు దారి దొరికింది.

"చూడండి. ఆ రోజు హాల్లో మీ చక్రం తిరిగితే గది మీది, నేను నోరెత్తను. తిరక్కపోతే నాది."

"సరే. కానీ గడువుకి కాస్త సందు..."

"లేదు!"

ప్రదర్శనకు ముందురోజు సాయంకాలం ఆయన ఇంకా కునుకులోనే ఉండగా, కాబోయే తన గదిని మరోసారి కొలుద్దామని ఆవిడ లోపలికెళ్ళింది. టేపు చేయిజారి ఉలుల పెట్టెలో పడింది. తియ్యబోతే చిత్రికల కింద ఒక గుడ్డమూట తగిలింది. తను కత్తిరించి పారేసిన చొక్కా గుడ్డే. విప్పితే లోపల అద్దంలా మెరిసే పిస్టన్లు. ఒకటి కాదు, గుప్పెడు.

పక్కనే ఇంజన్ ఉంది. మేస్త్రి పాఠం నోటికొచ్చు. సిలిండరు కింద వేలు అడ్డం పెట్టి ఒక పిస్టన్ వదిలింది. అది పడలేదు. గాలిమీద తేలినట్టు ఆగింది. పట్టి లాగింది.

టప్!

ఇంకొకటి వేసింది. అదీ టప్!

ఆవిడకు మండిపోయింది. "అమ్మ దొంగా! కొలత ఎప్పుడో వచ్చేసిందన్నమాట. నాచేత గుండుసూదులు తినిపిస్తూ ఇక్కడ నాటకాలా!" అని లేపి కడిగేద్దామని లేచింది. అప్పుడే ఐదయింది కాబోలు, కిటికీలోంచి ఎదురింటి తలుపు తెరుచుకోవడం కనబడింది. మేస్త్రి బయటికొచ్చాడు. తల దువ్వుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కొలతలు చూసే పరికరాల పెట్టెను చంకలో పెట్టుకుని, ఆలస్యమైపోతున్నట్టు గబగబా వీధి దాటుతున్నాడు. వెనక ఆ ఇంటి కిటికీలకు తెరలు లేవు. ఎప్పుడు తీశాడో ఆవిడ గమనించనేలేదు.

ఇంజన్ తిరిగిపోతే ఈ మనిషికి రేపు సాయంత్రం ఏం పని? ఇనుమంటే గిట్టని మొగుడు ఉన్నట్టుండి లేతు ఎందుకు కొన్నాడో ఆవిడకు అప్పుడు అర్థమైంది. కోపం పోలేదు గాని, ఎవరిమీద పడాలో తెలియక ఆగిపోయింది. మూట ఎక్కడిదక్కడ పెట్టేసి టీకి నీళ్ళు పెట్టింది.

మర్నాడు హాల్లో అందరి ఇంజన్లూ చకచకా తిరుగుతున్నాయి. మేస్త్రి మన ఇంజన్‌ను పసిపిల్లాడిలా ఎత్తుకొచ్చి బల్లమీద పెట్టాడు. వడ్రంగి జేబులోంచి పిస్టన్ తీశాడు. ఏ పిస్టన్ తెచ్చాడో చూడాలని ఆవిడ మెడ చాచింది. మంచిది పెడితే గది ఆయనకు దక్కుతుంది గాని, మేస్త్రికి ఇక పనుండదు. చెడ్డది పెడితే పని మిగులుతుంది గాని, గది తనదై లేతుకు చోటుండదు. ఆవిడకు గది కావాలి, నిజమే. అయినా ఆ క్షణాన తను ఏది కోరుకుంటోందో తనకే తెలియలేదు.

ఆవిరి కోసం నీళ్ళు కాచే బాయిలరు కింద దీపం వెలిగించారు. బుడ్డి బాయిలరు బుసకొట్టింది. ఆవిరంతా సందులోంచి బయటికొచ్చి న్యాయనిర్ణేత కళ్ళద్దాలు మసకబార్చింది. చక్రం పావువంతు కదిలి, సిగ్గుపడ్డట్టు వెనక్కి వచ్చేసింది.

"సందు!" అని గర్జించాడు మేస్త్రి. "ఇక్కడ కూడా సందేనా బావా!"

"వానాకాలం..." అన్నాడు వడ్రంగి.

హాలంతా గొల్లున నవ్వింది. పందెం ఓడి, పరువు పోయి, గది పోయి, ఆవిరికి నిలువునా తడిసిన ఆ మనిషి ముఖంలో ఉన్నంత సంతోషం బహుమతి వచ్చినవాడి ముఖంలో కూడా లేదు.

తిరిగొచ్చేటప్పుడు మేస్త్రి ఇంజన్‌ను చంకలో పెట్టుకుని వెనకపడి నడిచాడు. గేటు దగ్గర ఆగాడు.

"గది నీదైపోయిందిగా చెల్లెమ్మా. మంచిదే. ఇక నేను వస్తే నీ పనికి అడ్డం."

"అవును అన్నయ్యగారూ, గది నాదే" అంది ఆవిడ. "అందుకే చెప్తున్నా. కిటికీ పక్కన నా మిషను, గోడవైపు నా బల్ల. మూలనున్న ఆ తుప్పును కదిలించే ఓపిక నాకు లేదు, అక్కడే ఏడవనివ్వండి. నా గదిలో పని సగంలో ఆగితే నాకు గిట్టదు. ఆ ఇంజన్ తిరిగేదాకా మీరు రావలసిందే."

"మా బావ చేతిలో అది ఎప్పటికి తిరగాలి?"

"అదీ నిజమే. రేపు ఐదింటికి రండి."

మేస్త్రి వెళ్ళాక ఆవిడ మూట తెచ్చి మొగుడి ముందు పెట్టింది. ఆయన దానివంక చూసి, గోడవంక చూసి, గొంతు సవరించుకున్నాడు.

"అవా? అవి బాగా బిగుతే. వానాకాలానికి పనికిరావు."

"ఊరుకోండి. చొక్కా కుట్లలో నేను మాత్రం రెండు వేళ్ళ గుడ్డ లోపలికి వదలనా? దర్జీలం పైకి చెప్పం, అంతే."

"తెలుసులే. లేకపోతే పెళ్ళప్పటి చొక్కా నాకింకా ఎలా పడుతుంది?"

మర్నాడు వాన పట్టుకుంది. సరిగ్గా ఐదింటికి మేస్త్రి గొడుగు ముడుచుకుంటూ వచ్చి పనిబల్ల దగ్గర నిలబడ్డాడు. నిన్నటి మూట అక్కడే విప్పి ఉంది. ఎత్తెయ్యడం ఇద్దరూ మరిచిపోయారు. వడ్రంగి చెయ్యి చాచేలోపే మేస్త్రి అందులోంచి ఒక పిస్టన్ తీసి, సిలిండరు కింద వేలు మూసి వదిలాడు. అది గాలిమీద ఆగింది. లాగాడు.

టప్పుమన్న చప్పుడు గదంతా వినబడింది. కిటికీ పక్కన కుట్టుమిషను ఆగిపోయింది. వడ్రంగి ముఖంలో నెత్తురుచుక్క లేదు.

మేస్త్రి ఆ పిస్టన్‌ను వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. వడ్రంగివైపు చూశాడు. ఆవిడవైపు చూశాడు. దాన్ని మెల్లగా గుడ్డలో చుట్టి, మూటకట్టి, పెట్టెలో చిత్రికల కిందకి తోసేసి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"ఇంకా వెంట్రుకవాసి సందుంది బావా" అన్నాడు. "రేపు చూద్దాం."