మూడుసార్లు పిలిచే ఆంటీ

వైటూకే కంప్యూటర్ల పనిమీద సింగపూర్ వచ్చిన కొత్తలో బిషాన్‌లో ఒంటరిగా ఉండేవాణ్ణి. పక్క ఫ్లాట్ ఆంటీది శ్రీకాకుళం. ఏం వండినా గిన్నెతో మా గేటు దగ్గరికొచ్చి మూడుసార్లు పిలిచేది: "బాబూ, బాబూ, బాబూ."

ఎందుకలా అని అడిగాను.

"మనిషయితే మూడుసార్లు పిలుస్తాడు. దెయ్యం రెండుసార్లే పిలుస్తాది. దానికి పలికినావంటే తీసుకుపోతాది."

నవ్వాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం గుండె పట్టేసి వంటింట్లో కూలబడ్డాను. గొంతు పెగలడం లేదు. అప్పుడే గేటు దగ్గర ఆంటీ గొంతు వినిపించింది. "బాబూ." కాసేపాగి మళ్ళీ, "బాబూ." ప్రాణం లేచొచ్చి, పాకుతూ వెళ్ళి తలుపు తీశాను. కారిడార్‌లో ఎవరూ లేరు. గుమ్మంలో పడి ఉన్న నన్ను తర్వాతెప్పుడో ఎదురింటి చైనీస్ అంకుల్ చూసి అంబులెన్సు పిలిచాడట.

సాయంత్రం ఆంటీ ఆసుపత్రికి వచ్చింది. "మీరు పిలవబట్టే బతికాను" అన్నాను.

"నాను పొద్దున్నుంచీ పాయా లెబార్‌లో మా చెల్లి ఇంట్లో ఉన్నాను బాబూ. అది ఎన్నిసార్లు పిలిచింది?"

"రెండు."

"పలికినావేటి?"

గొంతు రాలేదన్నాను. అప్పుడు గానీ ఆంటీ ఊపిరి పీల్చుకోలేదు.

ఆ తర్వాత ఆంటీ నన్ను నాలుగుసార్లు పిలవడం మొదలుపెట్టింది. "ఇయ్యాల కాకపోతే రేపు, అది మూడోది నేర్చుకుంటాది" అనేది.