రెండు సైజులు పెద్దవి

మైదానం గోడ పక్కన చెప్పులు కుట్టుకునే ఆ మనిషికి ఒక జబ్బు ఉండేది. ఏ తల్లయినా పిల్లాడికి పెద్ద సైజు బూట్లు కొని, ముందర కాస్త దూది కుక్కి ఇమ్మని తెచ్చిందంటే ఊరుకునేవాడు కాదు.

"ఏమ్మా, బూట్లు కొన్నావా, పడవలు కొన్నావా? లోపల కాలు మడత పడిందంటే పిల్లాడు మంచమెక్కుతాడు. తర్వాత నన్ను ఆడిపోసుకోకు" అని క్లాసు పీకేవాడు. చేతిదాకా వచ్చిన బేరం పోయినా సరే, ఆ నోరు ఆగేది కాదు.

ఆ మైదానంలోనే ఆయన చిన్నప్పుడు గుడ్డబంతి తన్నాడు. అప్పట్లో ఎవరూ ఎవర్నీ అడిగేవారు కాదు. తర్వాత ఏదో క్లబ్బువాళ్ళు దాన్ని లీజుకు తీసుకుని, చుట్టూ ఇనుప వల బిగించి, గేటుకొక కాపలావాణ్ణి పెట్టారు. ఇప్పుడు లోపలికి పోవాలంటే నెలనెలా ఫీజు, జెర్సీ, మేజోళ్ళు, బూట్లు, పోటీలకు వెళ్తే బస్సు చార్జీలు. బంతి తన్నడానికి పిల్లలకు కావలసింది కాళ్ళు. అవి ఉన్నాయా అని ఒక్కరు అడగరు, మిగతావన్నీ అడుగుతారు మహానుభావులు!

ఆయన కూతుర్ని సందులో అందరూ పిడుగు అనేవాళ్ళు. తొమ్మిదేళ్ళది. వలకు ఇవతల, రాళ్ళలో, వట్టి కాళ్ళతో ఆడేది. మగపిల్లలకు చుక్కలు చూపించేది. ఒకరోజు క్లబ్బు కోచ్ తెగిన సంచి పట్టీ కుట్టించుకుంటూ నిలబడి, దాని ఆట చూశాడు.

"ఎవరమ్మాయి?"

"మా అమ్మాయే సార్."

"ఏటా ఒక్కరికి ఫీజు లేకుండా నేర్పిస్తాం. ఆదివారం ఎంపిక ఉంది, తీసుకురా. బూట్లు మాత్రం ఉండాలి. వట్టి కాళ్ళతో ఆడనివ్వం."

ఆ కబురు ఇల్లు చేరేలోగా పిడుగు సందు సందంతా చాటేసింది. ఉన్నది ఒక్కటే సీటు. అది దొరికితే పిల్ల గేటు లోపల ఉంటుంది, లేకపోతే బతుకంతా వల పట్టుకుని చూస్తుంది. ఆ సంగతి తండ్రికి తెలుసు.

పాత బూట్ల అంగడిలో ఆయనకు రెండు జతలు దొరికాయి. కూతురి పాదానికి ఆయనకు కొలత అక్కర్లేదు, అరచేయి చాలు. ఒక జత అచ్చంగా ఆ అరచేతికి సరిపోయింది. రెండోది రెండు సైజులు పెద్దది. ధర రెంటికీ ఒకటే. చిన్న జత పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఇంటద్దెకు దాచింది తీసుకొచ్చాడు మరి. ఎదిగే పిల్ల, ఏడాది తిరిగేసరికి మళ్ళీ జత ఎక్కణ్ణుంచి తెస్తాడు? చిన్నవి కింద పెట్టేసి పెద్దవి తెచ్చుకున్నాడు.

అందరికీ క్లాసు పీకిన మనిషి తనకు తాను పీకుకోలేకపోయాడు. పైగా చేతిపని మీద ధీమా ఒకటి. లోపల రెండు అట్టలు వేశాడు, మడమ దగ్గర మెత్తటి తోలు అంటించాడు, ముందర దూది కుక్కాడు, అడుగున అరిగిన బొడిపెలు మార్చాడు.

"ఎలా ఉన్నాయి తల్లీ?"

పిల్ల గదిలో టకటకా నాలుగడుగులు వేసింది. "బ్రహ్మాండంగా ఉన్నాయి నాన్నా!"

ఆదివారం ఆయన వలలో వేళ్ళు దూర్చి నిలబడ్డాడు. మొదటి బంతి దాని కాలికి అతుక్కుపోయినట్టే ఆగింది. బంతితో పక్కకు తిరగబోయింది. కాలు తిరిగింది, బూటు తిరగలేదు. బొక్కబోర్లా పడింది. లేచింది, పరిగెత్తింది, మళ్ళీ పడింది. లోపల దూది ఒక పక్కకు ఉండ చుట్టుకుపోయిందని ఆయనకు ఇవతల నుంచే అర్థమైంది. 

"సార్, బూట్లు విప్పేసి ఆడనా?" పిల్ల కోచ్‌ని బతిమాలింది.

"వద్దమ్మా. ఎవరి బూటైనా తొక్కితే వేళ్ళు నుజ్జయిపోతాయి."

కోచ్ అన్నదాంట్లో తప్పు లేదు. ఒళ్ళు మండేది అందుకే. మూడోసారి పడ్డప్పుడు చీలమండ బెణికి, పిల్ల లేవలేకపోయింది.

చివర్లో కోచ్ వల దగ్గరికి వచ్చాడు. "బంతి మీద పట్టుంది. కానీ మలుపు తిరగలేకపోతోంది. సీటు ఇంకో పాపకిచ్చాం."

"బూట్లు పెద్దవి సార్. తెచ్చింది నేను, తప్పు నాది. ఇంకొక్కసారి చూడండి సార్."

"ఎంపిక అయిపోయిందయ్యా."

"పోనీ, వచ్చే ఏడు?"

"ఉచితం పదేళ్ళలోపు పిల్లలకే. వచ్చే ఏటికి మీ పాపకి పదేళ్ళు నిండుతాయి కదా? అప్పుడు ఫీజు కట్టి చేర్పించు."

కూతుర్ని వీపున వేసుకుని ఇంటిదారి పట్టాడు.  సిగ్గూ కోపమూ ఎవరి మీద చూపించాలో తెలియక పిల్ల మీదే విసుక్కున్నాడు.

"వదులుగా ఉన్నాయని ఒక్క మాట చెప్పొచ్చు కదే?"

"చెబితే నువ్వు మళ్ళీ కొనాలి కదా."

 తండ్రి వీపు అదరడం తెలిసి పిల్ల ఆయన మెడ చుట్టూ చేతులు బిగించింది.

"ఏడవకు నాన్నా. వచ్చే ఏటికి ఇవి నాకు సరిగ్గా సరిపోతాయి. అప్పుడు చూడు, ఆ సీటు నాదే!"

"ఆ, నీదేనమ్మా" అన్నాడు.