పసుపు అంటిన ఫిల్టర్

రోజూ దీపం పెట్టుకునేదాన్నే గానీ, దయ్యాలన్నా గాలీ ధూళీ అన్నా నాకు మొదట్నుంచీ నవ్వులాటే. నన్ను బడికి పంపకుండా ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెప్పిన మా నాన్న, కంటితో చూసిందే చెప్పమనేవాడు. అందుకే చూసింది చూసినట్టు రాస్తున్నాను. కోపం మాత్రం దాచుకోలేను.

మా చెల్లెలు సుజాతను రేపల్లెలో ఇచ్చాం. పెళ్ళయిన చాలా ఏళ్ళకు నెల తప్పింది. అక్కడి ఒక ల్యాబులో గర్భం హార్మోనుకు రెండుసార్లు రక్తపరీక్ష చేస్తే, పెరగాల్సిన అంకె పెరగలేదు. పిండం నిలవలేదని, మర్నాడే గర్భసంచి కడిగించేయాలని డాక్టరమ్మ చెప్పేసింది.

సుజాత ఏడుస్తూ ఫోను చేసినప్పుడు నేను బాపట్లలో మా ఇంట్లో బట్టలు మడత పెడుతున్నాను. ఆ రోజు ఏకాదశి. పొయ్యి వెలిగించలేదు, పసుపు డబ్బా ముట్టలేదు. దాని మాటలు వింటూ నా కుడి బొటనవేలు చూసుకున్నాను. పచ్చగా ఉంది. పచ్చి పసుపు వాసన. సబ్బుతో కడిగాను, చింతపండుతో తోమాను. పోలేదు.

ఎందుకన్నానో తెలియదు, కడిగించుకోవద్దు, ముందు తెనాలిలో ఇంకోసారి చూపిద్దాం అన్నాను.

"రెండుసార్లు చూశారే అక్కా! నీకేం తెలుసని?"

"నాకేం తెలీదే. పొద్దున్నే రైలెక్కి తెనాలి వచ్చెయ్."

తెనాలిలో అంకె బాగా ఎక్కువగా వచ్చింది. ఆ రిపోర్టు చేతికొచ్చేసరికి నా వేలి మీద పసుపు లేదు. కొన్నాళ్ళకు స్కానింగులో గుండె కొట్టుకోవడం చూపించారు.

అప్పుడు వెళ్ళాను రేపల్లె ల్యాబు మీదికి. పరీక్ష చేసే మిషన్ విప్పేదాకా ఊరుకోలేదు. రక్తం వేసిన పట్టీ మీద కాంతి పడితే అది మెరుస్తుందట, ఎంత మెరిస్తే అంకె అంత చూపిస్తుందట. ఆ మెరుపును మాత్రమే లోపలికి పోనిచ్చి, మిగతా వెలుగును ఆపే చిన్న అద్దాన్ని ఫిల్టర్ అంటారట. దాని మీద ఎండిన పసుపు బొట్టు!

"దసరాకి అన్నీ విప్పి పూజ చేశామండి. మిషన్‌కి ఇదే కన్ను కదా పిన్నిగారూ, అందుకని దీనికీ ఓ బొట్టు పెట్టాను," అన్నాడు ల్యాబతను.

"ఏమయ్యా, బొట్టు నుదుట పెడతారా, కంట్లో పెడతారా?"

"అమ్మవారి దయండి, మీకంతా మంచే జరిగింది కదా," అని నవ్వాడు.

అన్నం ముద్దకు కూడా దణ్ణం పెట్టుకునే నాకు, ఆ మాటతో ఒళ్ళు మండిపోయింది. దసరా నుంచీ ఈ పరీక్షకు ఇంకెవరొచ్చారని అడిగాను. అతని నవ్వు ఆగిపోయింది. అందరికీ ఫోన్లు చేయించేదాకా అక్కడినుంచి కదల్లేదు. ఒకావిడకి అప్పటికే కడిగేశారు.

ఇంకోటి చెప్పాలి. ఆ బొట్టు గుండ్రంగా లేదు. ఎవరో బొటనవేలితో తుడవబోయినట్టు అడ్డంగా చెదిరి ఉంది. వేలి గీతలు కనిపిస్తున్నాయి. పూజ తర్వాత మిషన్ విప్పనే లేదని అతను ఒట్టేశాడు. నేను ఆ ల్యాబు గడప తొక్కడం అదే మొదలు.

సుజాత కూతురు ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది. రోజూ ఆ పిల్ల పేరు చెప్పి దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకుంటాను. మధ్యలో ఆగిపోతాను. అద్దం మీది వేలు నాదో కాదో నాకిప్పటికీ తెలియదు. ఎవరిదైనా సరే, ఆ వేలు కడుపు పోగొట్టుకున్న ఆవిడ కోసం ముందే ఎందుకు రాలేదని ఆ దేవుణ్ణే అడుగుతున్నాను. కోపంగానే అడుగుతున్నాను.