గుడారమా, అత్తయ్య ఇల్లా?

ఊరెళ్ళడమంటే చుట్టాలింటికి వెళ్ళడమే తప్ప ఇంకో అర్థం లేని కాలంలో పెరిగాం మేము. డబ్బిచ్చి ఒక గది తీసుకుని, ఏ పనీ లేకుండా అందులో ఊరికే ఉండటమనేది మాకు తెలియని విద్య. లాడ్జి అనే మాటని మా ఇంట్లో గొంతు తగ్గించి పలికేవారు. అలాంటి రోజుల్లో, ఎనభైల మొదట్లో, విశాఖపట్నం పోర్టు క్వార్టర్లలో ఉండే మా కుటుంబానికి ఒక వేసవిలో 'ఎక్కడ పడుకోవాలి' అన్న ప్రశ్న ఎదురైంది. దాన్ని తేల్చే బరువు నా నెత్తిన పడింది. మా నాన్న నన్ను చిన్నప్పటి నుంచీ బెంగమ్మ అనే పిలిచేవాడు. (చర్చిలో పెట్టిన పేరు వేరే ఉంది. దాన్ని రిజిస్టర్లలో తప్ప ఎవరూ వాడలేదు.) వాన వస్తే ఇల్లు కారుతుందనీ, రాకపోతే కుళాయి ఎండిపోతుందనీ దిగులుపడే పిల్లని ఇంకేమని పిలుస్తాడు పాపం!

ఆ వేసవికి భీమిలి దారిలో, సరుగుడు తోటల పక్కన సముద్రపు ఒడ్డునే, ఎవరో 'ఆనంద నగరి' అని ఒకటి పెట్టారు. ఆకాశాన్ని తాకే జెయింట్ వీల్, పిల్లల రైలు, అద్దాల గది, పడవలు తిరిగే కొలను. చూసొచ్చిన వాళ్ళందరూ దాని అందమంతా దీపాలు వెలిగాకే అన్నారు. చిక్కంతా అక్కడే వచ్చింది. దీపాలు వెలిగే వేళకి మా వైపు ఆఖరి బస్సు వెళ్ళిపోతుంది. అందుకని దూరం నుంచి వచ్చేవాళ్ళ కోసం లోపలే వరసగా గుడారాలు వేసి అద్దెకిస్తున్నారు. పదో తరగతి పరీక్షలు రాసిన మా చెల్లికి నాన్న ఆ నగరి చూపిస్తానని ముందే మాటిచ్చేశాడు. రేవులో క్రేను నడిపే మనిషికి షిఫ్టుల మధ్య మూడు రోజుల సెలవు దొరకడమే పెద్ద విషయం. ఆ మూడు రోజులూ సవ్యంగా జరగకపోతే మళ్ళీ అలాంటి సెలవు ఎప్పుడో!

"లోపలే ఉందాం నాన్నా, గుడారంలో!" అంది చెల్లి.

"భీమిలిలో మా అప్ప ఇల్లుండగా గుడారంలో పడుకుంటామా? తెలిస్తే మళ్ళీ నా మొహం సూత్తాదేటి?" అన్నాడు నాన్న. (మా వైపు అక్కని అప్ప అంటారు.) ఆ అప్ప, అంటే మా మేనత్త, పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరైన టీచరు. ఒంటరి మనిషి. పొద్దు గుంకగానే ఇంట్లో ప్రార్థన, ప్రార్థన కాగానే గేటుకి తాళం. ఆ తాళం పడ్డాక బయట ఉన్నవాడు బయటే, లోపల ఉన్నవాడు లోపలే.

అమ్మ ఏ పక్షమూ పట్టలేదు. "మీరెలగంటే అలగే" అని బియ్యం చెరుగుతూ కూర్చుంది.

నాన్న కాసేపు మీసం దువ్వుకుని నా వైపు తిరిగాడు. "ఒలే బెంగమ్మా, నువ్వు ఆఫీసులో ఉజ్జోగం సేత్తన్నావు. నలుగురితో మాట్లాడతన్నావు. నువ్వే తేల్సు. నువ్వేటంటే అదే."

నేను పోర్టు ఆఫీసులో టైపిస్టుగా చేరి ఇంకా ఏడాది కాలేదు. ఇంట్లో ఒక నిర్ణయం నాకు వదలడం అదే మొదలు. గర్వం ఒక నిమిషం ఉంది. తర్వాత రెండు చోట్లా ఏమేం జరగొచ్చో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. మర్నాడు ఆఫీసులో హెడ్ క్లర్కు గారిని అడిగాను. "గుడారమా? ఇసకలో తేళ్ళుంటాయి తల్లీ" అన్నారాయన. పక్క సీటు ఆవిడని అడిగాను. "మీ అమ్మకి ఆడపడుచు ఇల్లా? తేళ్ళే నయం" అందావిడ. ఆ రోజు నేను టైపు చేసిన ప్రతి కాగితంలోనూ తప్పులే.

ఇక లాభం లేదని శనివారం ఆఫీసు కాగానే ఒక్కదాన్నీ బస్సెక్కి ఆనంద నగరికి వెళ్ళాను. గుడారాల మేనేజరు బనీను మీద తువ్వాలు వేసుకుని కుర్చీలో కునుకు తీస్తున్నాడు. లేపి అడగడం మొదలుపెట్టాను.

"ఇక్కడికి సముద్రం వస్తుందా అండీ?"

"సముద్రం ఎక్కడికీ రాదమ్మా. మనమే దాని దగ్గరికెళ్ళాల."

"తేళ్ళూ?"

"అవి కూడా అడిగి రావు."

"పెద్ద గాలొస్తే?"

"సల్లగా ఉంటాది."

ఒక గుడారంలోకి తీసుకెళ్ళి చూపించాడు. నాలుగు నవారు మంచాలు, ఒక కూజా, వేలాడే బల్బు. స్నానాల గదులు వెనక ఎక్కడో, అందరికీ కలిపి. తలుపు ఉండాల్సిన చోట రెండు తాళ్ళు. నేను ఆ తాళ్ళనే చాలాసేపు చూశాను. దొంగ వచ్చి ముడి విప్పడానికి ఎంత సేపు పడుతుంది? చెల్లి నిద్రలో లేచి నడిచి సముద్రంలోకి వెళ్ళిపోతే? (చెల్లికి నిద్రలో నడిచే అలవాటు లేదు. కొత్త చోట మొదలవదని ఎవరు చెప్పగలరు?) ఇంటికొచ్చి తీర్పు చెప్పేశాను, "అత్తయ్య ఇల్లే." నాన్న ఊపిరి పీల్చుకున్నాడు. చెల్లి ఆ పూట అన్నం తినలేదు. అమ్మ లేచి, బియ్యం, కందిపప్పు, నూనె సీసా, ఆవకాయ జాడీ మూటలు కట్టడం మొదలుపెట్టింది.

మొదటి రోజు గురించి ఎక్కువ చెప్పడానికి మనసొప్పదు. అత్తయ్య ఇంట్లో చెప్పులు విడవగానే అమ్మ వంటింట్లోకి వెళ్ళింది. తమ్ముడి కుటుంబం వస్తోందని అత్తయ్య చర్చి వాళ్ళని కొందరిని భోజనానికి పిలిచింది. చేపలు ముందే తెప్పించి ఉంచింది. వాళ్ళ భోజనాలయ్యేసరికి ఎండ నిప్పులు చెరుగుతోంది. అమ్మ గిన్నెల దగ్గరే ఉండిపోయింది. మేం ముగ్గురం నగరికి చేరితే అక్కడ అన్నీ నిద్రపోతున్నాయి. జెయింట్ వీల్ సాయంత్రం గాని తిరగదట. రైలు డ్రైవరు రైలు కిందే పడుకున్నాడు. ఎలాగో పొద్దు వాలింది. కుర్రకారు, సంసారాలు, బెలూన్లు, పీచు మిఠాయి, జనం పోగవుతున్నారు. చెల్లి కళ్ళు వెలుగుతున్నాయి. అప్పుడు నాన్న వాచీ చూసుకుని "పదండి, అప్ప తాళం ఏసేత్తాది" అన్నాడు. మేం రోడ్డు మీదికి వచ్చేసరికి వెనక దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. చెల్లి వెనక్కి నడుస్తూ భీమిలి బస్సు దాకా వచ్చింది, ఆ దీపాల మీంచి చూపు తిప్పలేక. ఏడవలేదు. ఏడిస్తే నాకు కొంత తేలిగ్గా ఉండేది.

మర్నాడు పొద్దున్న నూతి దగ్గర అమ్మ మళ్ళీ చేపలు తోముతోంది. నేను పక్కన కూర్చున్నాను.

"ఈ రోజు నువ్వూ రా అమ్మా."

"నాను కూడా వచ్చేత్తే వంటెవరు సేత్తారే?" అంది. తోముతూనే, ఎటో చూస్తూ అడిగింది. "అవునే, ఆ గుడారాల్లో ఉన్నోళ్ళు వంటెక్కడ సేసుకుంటారు?"

"వాళ్ళెందుకు చేసుకుంటారమ్మా? లోపల క్యాంటీనుంది. అన్నీ వాళ్ళే పెడతారు."

"పొద్దున్న టిఫినో?"

"అదీ వాళ్ళే. గుడారానికే తెచ్చిస్తారట."

అమ్మ చేతిలో చేప ఆగిపోయింది. "ఈ మాట ఇంటికాడ సెప్పలేదేటే!" అంది. కోపం కాదు. ఏదో పెళ్ళికి పిలుపు అందక వెళ్ళలేకపోయిన వాళ్ళు అన్నట్టు అంది. తేళ్ళూ దొంగలూ సముద్రమూ అన్నీ తూకం వేశాను గాని, ఆ తక్కెడలో ఒక పొయ్యి కూడా ఉంటుందని నాకు తట్టనే లేదు. అమ్మ చేతులు కడుక్కుని, చెంగుతో తుడుచుకుని, "వదినకి నువ్వే సెప్పు" అంది.

అత్తయ్యకి చెప్పడం! నాన్న ఆ మాట వినగానే చుట్ట కోసమని వీధిలోకి వెళ్ళిపోయాడు. (ఆయన చుట్ట మానేసి చాలా కాలమైంది.) అత్తయ్య వరండాలో బైబిలు ముందు పెట్టుకుని కళ్ళజోడు తుడుస్తోంది. నూతి దగ్గర నుంచి వస్తూ మనసులో కూర్చుకున్న మాటలన్నీ మరిచిపోయి ఒక్కటే అన్నాను, "అత్తా, మేం గుడారంలోకి మారిపోతాం. అమ్మ కోసం."

అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని నన్ను తలనుంచి పాదం దాకా చూసింది. వంటింటి వైపు ఒకసారి చూసింది. బైబిలు మూసి పక్కన పెట్టింది. అక్కాతమ్ముళ్ళ బంధం నా వల్ల అక్కడితో తెగిపోయిందనే అనుకున్నాను.

"ఆ గుడారంలో మంచాలెన్ని?" అంది చివరికి.

"నాలుగు, అత్తా."

"ఐదోది వేయించమని చెప్పు. చేపలు పక్కింటి వాళ్ళకి ఇచ్చెయ్యి."

మధ్యాహ్నానికి మేం ఐదుగురం గుడారంలో ఉన్నాం. అత్తయ్య తన పీట, తన చెంబు, తన దుప్పటి వెంట తెచ్చుకుంది. అమ్మ మంచం అంచున కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత తీసింది. మళ్ళీ పెట్టుకుంది. క్యాంటీను మనిషి టీ తెస్తే లేచి నిలబడి అందుకుంది. "కూకోండమ్మా" అని అతనే అన్నాడు. నేను తాళ్ళ ముళ్ళు సరిచూస్తూ, మేకులు పీకి చూస్తూ గుడారం చుట్టూ తిరుగుతున్నాను.

ప్రార్థన ఆ రోజు అత్తయ్య కాస్త ముందుగానే, కాస్త చిన్నగానే ముగించింది. దీపాలు వెలిగాయి. అమ్మ వాటిని చూసి "ఓలమ్మ!" అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. జెయింట్ వీల్ దగ్గర చెల్లి నన్ను లాగింది. నేను ఆ నట్లూ బోల్టులూ చూసి వెనకడుగు వేశాను. "పిల్లని ఒక్కదాన్నీ ఎలా పంపుతారు?" అని అత్తయ్య చీర కుచ్చిళ్ళు పట్టుకుని తనే ఎక్కి కూర్చుంది.

వాళ్ళ ఊయల సరిగ్గా పైకి చేరిన వేళ సముద్రం మీంచి గాలి లేచింది. ముందు ఇసక. తర్వాత కాగితాలు, బెలూన్లు, ఎవరిదో టోపీ. ఆ వెంటనే దీపాలన్నీ ఆరిపోయాయి. వీల్ ఆగింది. మసక వెలుతురులో పైనున్న ఊయలలు ఉట్టి కుండల్లా ఊగుతున్నాయి. జనం కేకలు. నాన్న రెండు చేతులూ నోటికి పెట్టుకుని "అప్పా! గట్టిగా పట్టుకో! సిన్నదాన్ని పట్టుకో!" అని అరుస్తున్నాడు. రేవులో అంత ఎత్తు క్రేను మీద రోజూ కూర్చునే మనిషి, ఆ ఎత్తు చూడలేక కళ్ళు మూసుకోవడం నేను చూశాను. నాకు తెలియకుండానే ఇసకలో కూలబడ్డాను. ఇన్నాళ్ళూ పడ్డ బెంగలన్నీ ఉత్తవే, ఇది మాత్రం నిజం అనిపించింది. నిజమైన భయం వచ్చినప్పుడు మనసులో ఒక్క ప్రశ్న కూడా ఉండదని అప్పుడే తెలిసింది. అమ్మ నా భుజం పట్టుకుని నిలబడింది.

అప్పుడు పైనుంచి పాట వినబడింది. అత్తయ్య పాడుతోంది. చర్చిలో ఆదివారం పాడే పాటే, కానీ చర్చిలో ఎన్నడూ పాడనంత గట్టిగా. పక్క ఊయలల్లో ఏడుస్తున్న పిల్లలు ఊరుకున్నారు. ఎవరో పల్లవి అందుకున్నారు. పాట రానివాళ్ళు చప్పట్లు కొట్టారు. కింద పనివాళ్ళు, నాన్న, బనీను మేనేజరు, దారిన పోయేవాళ్ళు అందరూ కలిసి చక్రాన్ని చేతులతో లాగుతూ ఒక్కొక్క ఊయలే దించారు. చెల్లి దిగగానే అమ్మ దాన్ని ఒక్కటి వేసి, వెంటనే గుండెకి హత్తుకుంది. అత్తయ్య దిగి, జుట్టు సరిచేసుకుని, మేనేజరుని అడిగింది, "ఇది మళ్ళీ ఎప్పుడు తిరుగుతుంది నాయనా?"

గాలి వచ్చినంత వేగంగానే పోయింది. మా గుడారం మాత్రం కూలి, నేలకి అతుక్కుపోయి ఉంది, ఐదు మంచాల ఆకారాలతో సహా. నాన్న అత్తయ్య ఇంటికి పోదామన్నాడు. నేనూ తలూపాను. అమ్మ కదల్లేదు. "రేపు టిఫిను ఇక్కడే పెడతామన్నారు కదా" అంది మెల్లిగా. అత్తయ్య అందరికంటే ముందు "అవును, అన్నారు" అంది. మేనేజరు పరుగెత్తి మాయాజాలం చేసే స్టేజీ మీద మాకు చాపలు వేయించాడు.

పొద్దున్న అమ్మ స్టేజీ మెట్టు మీద కూర్చుని, ఆకులో ఇడ్లీ తిన్నది. నెమ్మదిగా, ముక్క ముక్క చూసుకుంటూ. "ఉప్పు సాల్లేదు" అంది. తర్వాత, చుట్టూ చూసి, "ఇంకో రెండడగొచ్చా?" అని నన్ను అడిగింది.

ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సులో అమ్మ నా పక్కన కూర్చుంది. ప్రయాణంలో ఎన్నడూ కన్ను మూయని మనిషి, రుషికొండ దాటకముందే నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ముందు సీట్లో నాన్నా చెల్లీ కూడా జోగుతున్నారు. నేను భుజం కదపలేదు. ఊపిరి గట్టిగా పీలిస్తే లేస్తుందేమోనని భయం. బ్రేకు వేసినప్పుడల్లా డ్రైవరు మీద మనసులోనే మండిపడ్డాను. మా స్టాపు వచ్చింది. చూశాను. లేపలేదు. స్టాపు వెళ్ళిపోయింది. ఆఖరి స్టాపులో కండక్టరు దిగమని అరిచేదాకా అలాగే కూర్చున్నాను. నాన్న తిట్లు లంకించుకుంటే "నిద్ర పట్టేసింది నాన్నా" అన్నాను. మూటలు నెత్తిన పెట్టుకుని, ఎండలో అంత దూరమూ వెనక్కి నడిచాం.

ఇప్పుడు నా వయసు ఆనాటి అమ్మ వయసుని ఎప్పుడో దాటిపోయింది. బెంగలు అలాగే ఉన్నాయి. కానీ బస్సు కిటికీ పక్కన, భుజం బిగబట్టుకుని, కళ్ళు విప్పార్చుకుని కూర్చున్న ఆ టైపిస్టు పిల్ల గుర్తొస్తే మాత్రం నవ్వొస్తుంది. దాని పక్కన కాసేపు కూర్చోవాలనిపిస్తుంది.