లావు గీతల స్కోపు

నాకు నోరు జాస్తి అని ఊళ్లో పేరు. మూడు వందల గడపలున్న ఊళ్లో ఆ పేరు తెచ్చుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. నాన్న పోయాక ముప్పై ఏళ్లుగా ఈ తుపాకుల దుకాణంలో బల్ల వెనక నిలబడుతున్నాను. చేతకానివాడికి చేతకాదని మొహం మీదే చెప్పాను. తాగొచ్చినవాణ్ణి తలుపు దాటనివ్వలేదు. చెప్పి తీరాల్సిన ఒక్క రోజున మాత్రం నోరు పెగల్లేదు. లిండ్సే క్రాంబీ గురించి రాయాలంటే ఆ రోజు గురించి రాయక తప్పదు.

లిండ్సే కంచెలు వేసేవాడు. దేశానికి దక్షిణపు కొసన, సౌత్‌లాండ్‌లో మా వైపు గొర్రెల పొలాల చుట్టూ ఉన్న తీగ కంచెల్లో సగం అతని చేతివే. తాడు కట్టి చూసుకునే అలవాటు లేదు. ఒక గుంజ దగ్గర నిలబడి, ఒక కన్ను మూసి, రెండు గుట్టల అవతల తర్వాతి గుంజ ఎక్కడ పాతాలో చేత్తో చూపించేవాడు. నలభై ఏళ్ల కిందట వేసిన కంచె ఇవాళ్టికీ గీత గీసినట్టు ఉంటుంది. అదే కన్నుతో రైఫిల్ క్లబ్బులో పదకొండుసార్లు కప్పు కొట్టాడు. పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "తీగచుట్టలు మొయ్యడానికే నడుం చాలట్లేదు, మధ్యలో పెళ్లాం కూడానా" అనేవాడు.

అతనికి ఉన్న ఒక్క స్నేహితుడు మా తమ్ముడు బెవన్. పాల ట్యాంకరు నడుపుతాడు, ఎప్పుడూ దగ్గుతూ ఉంటాడు. పదిహేడేళ్లప్పుడు వాడికి తుపాకీ పట్టడం నేర్పింది లిండ్సేనే. మార్చి ఆఖరులో మగదుప్పులు ఆడవాటి కోసం రంకెలు మొదలుపెట్టగానే ఇద్దరూ కలిసి అడవికి పోయేవారు. ముప్పై ఆరేళ్లలో ఒక్క ఏడు కూడా మానలేదు.

ఆ రంకెల రోజుల్లో మావాళ్లు బారెడు ప్లాస్టిక్ గొట్టం నోటికి పెట్టుకుని దుప్పిలా రంకె వేస్తారు. నిజం దుప్పి పోటీదారుడు వచ్చాడనుకుని రోషంతో బయటికొస్తుంది. చిక్కేమిటంటే, పక్కవాడి గొట్టం కూడా దుప్పిలాగే వినిపిస్తుంది. అలా స్నేహితుణ్ణే కాల్చుకుని బతుకంతా కుమిలినవాళ్లు మా వైపు ఉన్నారు. అందుకే వీళ్లిద్దరూ ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. వాగుకు ఇటు బెవన్, అటు లిండ్సే. ఎంత పెద్ద దుప్పి పిలిచినా వాగు దాటకూడదు.

నాలుగేళ్ల కిందట మార్చి మొదటివారంలో, ఒక మంగళవారం పొద్దున లిండ్సే దుకాణానికొచ్చాడు. అప్పటికి అతనికి అరవై తొమ్మిది. చేతిలో కాగితంలో చుట్టిన వేడి చీజ్ రోల్స్.

"నోలా, స్కోపు మార్చాలి. పాతదాంట్లో గీతలు సన్నబడిపోయాయి."

"గీతలు సన్నబడవు లిండ్సే. మనుషులే ముసలివాళ్లవుతారు."

"నీ నోరు పడ. ఉన్నవన్నీ తియ్యి, చూద్దాం."

స్కోపంటే తుపాకీ మీద బిగించే దుర్బిణి. దాని లోపల అడ్డంగా, నిలువుగా కనిపించే గురిగీతలు ఎంచుకోవడంలోనే అసలు తిప్పలంతా. అట్ట మీద గురి చూసేవాడికి వెంట్రుకంత సన్నగా ఉండాలి, లేకపోతే దూరాన ఉన్న నల్లచుక్కను గీతే మింగేస్తుంది. చెట్ల నీడలో ఆ వెంట్రుక కనిపించదు. అక్కడికి అంచుల్లో లావుగా ఉండి మధ్యకొచ్చేసరికి సన్నబడేవి కావాలి. రెంటికీ ఒకటే కావాలనేవాళ్లు వచ్చి నా ప్రాణం తీస్తారు. లిండ్సే మాత్రం రెండుచోట్లా సన్నగీతే వాడేవాడు, అది అతని గర్వం.

నా పద్ధతి ఒకటుంది. స్కోపు చేతికిచ్చి, గుమ్మంలో నిలబెట్టి, రోడ్డవతల ధాన్యపు గాదె నిచ్చెనకు ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టమంటాను. ఎవరికి ఏ గీత సరిపడుతుందో అక్కడే తేలిపోతుంది.

ముందు సన్నగీతది ఇచ్చాను. కంటికి పెట్టుకుని మొహం చిట్లించాడు.

"ఇది వంకరగా ఉంది. మధ్యలో మెలిక తిరిగింది. చేసినవాడు తాగి చేసినట్టున్నాడు."

నేను తీసుకుని చూశాను. గీత తిన్నగా ఉంది. ఇంకో కంపెనీది ఇచ్చాను. అదీ వంకరేనన్నాడు.

"రెండూ ఒక్క తాగుబోతే చేశాడంటావా?" అన్నాను.

నవ్వలేదు. తల ఒక పక్కకి తిప్పి, గింజను చూసే కోడిలా ఓరగా చూశాడు.

"సర్లే, మెట్లు ఎన్ని?" అన్నాను.

"పద్నాలుగు."

తడుముకోకుండా చెప్పాడు. ఏళ్ల తరబడి అవి పద్నాలుగే ఉండేవి. అంతకుముందు ఆగస్టు గాలివానకు మధ్యమెట్టు ఊడిపోయింది. ఆ ఖాళీ స్కోపు లేకుండానే కనిపిస్తుంది.

మా అమ్మకు ఇలాగే మొదలైంది. గుమ్మం వంగిపోయిందని వడ్రంగిని పిలిపించింది. ఏడాది తిరిగేసరికి, ఎదురుగా కూర్చుంటే నా జుట్టు, చెవులు కనిపిస్తున్నాయి గానీ మొహం ఉండాల్సిన చోట మసక మాత్రమే ఉందని ఏడ్చింది. చూపు నడిమధ్యలో పోయే జబ్బు అది. అంత తిన్నటి కంచెలు వేసిన కంటికి ఇదేం ఖర్మ అనుకున్నాను.

"కళ్ల డాక్టరు దగ్గరికెళ్లావా?"

"కళ్లజోడు కొత్తది. అంతా బావుందన్నాడు."

నీకిక తుపాకీ వద్దు. మూడే మాటలు. బెవన్ కూడా ఆ తుపాకీకి అరమైలు లోపలే తిరుగుతుంటాడని నాకు తెలుసు. అయినా అనలేకపోయాను. అద్దాల బీరువా తీసి, అన్నిటికన్నా లావు గీతలున్నది ఇచ్చాను. మూడు పక్కల నుంచీ మూడు లావుపాటి కర్రల్లాంటి గీతలు మధ్యకొచ్చి ఆగుతాయి, నడిమధ్యలో బ్యాటరీతో వెలిగే ఎర్రచుక్క. పెట్టుకోగానే అతని మొహం విప్పారింది.

"హమ్మయ్య. ఇది కనిపిస్తోంది నోలా."

గీతలు కనిపిస్తున్నాయి. గీతల మధ్య ఏం కనిపిస్తోందో నేను అడగలేదు. మెట్లూ మళ్లీ లెక్కపెట్టమనలేదు. అతనిచ్చిన చీజ్ రోల్ తిన్నాను.

శనివారం క్లబ్బులో కొత్త స్కోపు సరిచూసుకున్నాడు. ఐదుకి ఐదూ నల్లచుక్కలోనే. అట్ట ఎక్కడికీ పోదు, అందరికీ తెలిసిన చోటే ఉంటుంది. లావు గీతల మధ్యకు తెచ్చుకుంటే గుండు దానంతటదే పోయి తగులుతుంది. నాకు అది తెలిసి కూడా, ఇంకేం భయంలేదని మనసుకు సర్దిచెప్పుకున్నాను.

ఏప్రిల్ మొదట్లో ఇద్దరూ అడవికి పోయారు. ఆదివారం రావాల్సిన లిండ్సే గురువారమే ఒంటరిగా దుకాణంలోకొచ్చాడు. రుమాల్లో చుట్టిన ఇనుపముక్క బల్ల మీద పెట్టాడు. విప్పి చూస్తే అతని రైఫిల్ బోల్టు. అది లేకపోతే ఆ తుపాకీ ఉత్త కట్టె.

"నీ బీరువాలో పెట్టి తాళం వెయ్యి. నేను కాళ్లు పట్టుకున్నా ఇవ్వకు."

"ఏమైంది?"

"పొద్దున రంకె వేశాను. జవాబొచ్చింది. మళ్లీ వేశాను. ఇంకా దగ్గర్నుంచి వచ్చింది. ఫెర్న్ పొదల్లో గోధుమరంగు కదిలింది. ఎర్రచుక్క దాని మీద పెట్టాను. సేఫ్టీ తీశాను. వేలు బిగించాను కూడా నోలా."

"తర్వాత?"

"దగ్గింది."

బెవన్ దగ్గు ఊళ్లో ఎవరికి తెలీదు. నేను ముక్కాలిపీట మీద కూలబడ్డాను.

"వాడు వాగు దాటాడా?"

"దాటాడు. నా గొట్టాన్ని దుప్పి అనుకున్నట్టున్నాడు. దాటితే మాత్రం? డెబ్భై గజాలు. మనిషో మృగమో తెలిసేదాకా వేలు పెట్టకూడదని వాడికి నేర్పిందే నేను. నాకు కనపళ్లేదు. చుక్క పెట్టిన చోటే కనపడదు నాకు."

"వాడికి తెలుసా?"

"లేదు. చెట్టు వెనకే కూర్చుండిపోయాను. వాడు కాసేపు వెతికి, తిట్టుకుంటూ పోయాడు. నువ్వూ చెప్పకు. చెబితే వాడు నవ్వేసి వదిలేస్తాడు. వాడు నవ్వితే నేను తట్టుకోలేను."

మాటిచ్చాను. ఇచ్చాక ఇంకా దాచుకోలేకపోయాను. "మెట్లు పదమూడే లిండ్సే. నాకా రోజే తెలిసింది" అన్నాను.

"నీకు తెలిసిందని నాకూ తెలుసు. పెద్ద ఊరికెళ్తే ఎవడో కుర్రాడు ఇవ్వనంటాడని భయపడ్డాను. నువ్వు అనలేవని నీ దగ్గరికొచ్చాను."

ముప్పై ఏళ్ల నా నోటి గొప్ప ఆ మాటతో పోయింది.

ఆ తర్వాత లిండ్సే నాలుగేళ్లు బతికాడు. శనివారాలు క్లబ్బులో అట్టల కింద, గుండు తగలని కందకంలో కూర్చునేవాడు. కాల్చడం ఆగాక అట్ట కిందికి దించి, వేళ్లతో తడిమి చిల్లులు పట్టుకుని, వాటి మీద కాగితం ముక్కలు అంటించేవాడు. బెవన్ ఫోన్ చేస్తే ఎత్తేవాడు కాదు. వాడు దుకాణానికొచ్చి నా మీద ఎగిరేవాడు.

"ముప్పై ఆరేళ్ల స్నేహం అక్కా. కారణం చెప్పక్కర్లేదా? ముసలాడికి కొమ్ములొచ్చాయి."

"వదిలెయ్ బెవన్."

"నువ్వు వాడి పక్షమే. ఎప్పుడూ అంతే."

బెవన్ క్లబ్బుకు రావడం కూడా మానేశాడు. మొన్న జూలైలో లిండ్సే గుండె ఆగి పోయాడు. బెవన్ శవపేటిక మోశాడు గానీ, తర్వాత టీ తాగడానికి నిలబడలేదు. నలుగురిలో గట్టిగానే, "వాడు నన్ను వదిలేసి నాలుగేళ్లయింది, ఇవాళ కాదు" అన్నాడు. నేను పక్కనే ఉండి ఊరుకున్నాను.

వారం తర్వాత లిండ్సే మేనల్లుడు రైఫిల్ తెచ్చి, అమ్మిపెట్టమని నా దగ్గర వదిలి వెళ్లాడు. మర్నాడే బెవన్ వచ్చాడు. కొంటానన్నాడు. బోల్టు ఇంకా నా బీరువాలోనే ఉంది. తుపాకీ తీసుకుని, గుమ్మంలోకెళ్లి, గాదె వైపు గురి చూశాడు. దగ్గాడు.

"ఇదేం స్కోపక్కా? గీతలు వాడి కంచె గుంజలంత ఉన్నాయి. వెంట్రుకంత గీత తప్ప ముట్టని మనిషి! వీటి మధ్యలో వాడికి ఏం కనిపించిందట?"

"నువ్వు కనిపించలేదు" అన్నాను.

వెనక్కి తిరిగాడు. ఈసారి నోరు మూసుకోలేదు. వాగు, రంకె, ఎర్రచుక్క, దగ్గు, బోల్టు, అన్నీ చెప్పాను. మెట్ల సంగతీ, లావు గీతలు అతని చేతిలో పెట్టింది నేనేననీ చెప్పాను. వాడు తుపాకీ బల్ల మీద మెల్లగా, గొట్టం గోడవైపు ఉండేలా పడుకోబెట్టాడు. లిండ్సే నేర్పిన అలవాటు అది.

"ఎంత దూరం?"

"డెబ్భై గజాలు."

డెబ్భై గజాల్లో లిండ్సే గురి ఏనాడూ తప్పలేదని మా ఇద్దరికీ తెలుసు. బెవన్ ముక్కాలిపీట మీద కూర్చున్నాడు.

"చెప్పుంటే నవ్వేసేవాణ్ణి కదక్కా," అన్నాడు ఏడుస్తూ.