మొహిద్దీన్ మాస్టారి తివాచీలు తాడేపల్లిగూడెం చేరిన వైనం

ఏలూరు తంగెళ్లమూడిలో మగ్గం మీద తివాచీ మొదలవ్వాలంటే ముందు మొహిద్దీన్ మాస్టారి పెన్సిలు కదలాలి. ఆయన గీసే గళ్ల కాగితంలో ఒక్కో గడి ఒక్కో ముడి. గడిలో ఏ రంగు నింపితే మగ్గం మీద ఆ ముడికి ఆ రంగు ఉన్ని పడుతుంది. యాభై ఎనిమిదేళ్లొచ్చినా గళ్లు లెక్కపెట్టడానికి కళ్లజోడు పెట్టుకోరు. పేపరు చదవడానికి మాత్రం కావాలి. అదెందుకో కళ్ల డాక్టరుకీ అర్థం కాలేదు.

ఆయన తండ్రి గీసిన నమూనాలు మూడువందల పన్నెండు. కాగితాలు చెదలు తినేశాయి. అంతకుముందే స్కాన్ చేయించి పెట్టడం వల్ల కంప్యూటర్లో బతికున్నాయి. మొన్న సోమవారం నుంచి ఆ కంప్యూటర్ హార్డ్‌డిస్కు టిక్కు టిక్కుమనడం మొదలుపెట్టింది.

"గోడ గడియారం బాగుచేయించారాండీ?" అని వంటింట్లోంచి అడిగారు భార్య తస్లీమ్.

"గడియారం కాదు. మా నాన్నగారు మళ్లీ పోతున్నారు."

"పెన్‌డ్రైవ్‌లో వేసుకోవచ్చుగా?"

"వేశాను. దాన్ని చొక్కాతో పాటు ఉతికి ఆరేసిందెవరు?"

"జేబులో మర్చిపోయిందెవరో ముందు చెప్పండి."

ఇంకో హార్డ్‌డిస్కు కొనుక్కుని బీరువా కింది అరలో పెట్టారు ఒకప్పుడు. తమ్మిలేరు పొంగి నీళ్లు ఇంట్లోకొచ్చిన ఏడాది అది కూడా తడిసిపోయింది. ఒకే ఇంట్లో ఎన్ని కాపీలు పెట్టినా నీళ్లకు లెక్కలేదని మాస్టారికి అప్పుడే తెలిసింది. ఈసారి కాపీ ఊరు దాటాలి.

తాడేపల్లిగూడెంలో ఎలీయాజరు ఉన్నాడు. పదేళ్లు మాస్టారి దగ్గర గళ్లు నింపి, ఆర్డర్లు తగ్గాక జిరాక్సు షాపు పెట్టుకున్నాడు. అతని పాత కంప్యూటర్ ఒకటి ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. అందులో ఎఫ్‌టీపీ సర్వర్ పెట్టాడు. అంటే ఏలూరు నుంచి మాస్టారు ఫైలు పంపితే నెట్ ద్వారా అందుకుని దాచిపెట్టే కంప్యూటర్, అంతే.

"పాస్‌వర్డ్ మామూలుగా పంపితే పోస్టుకార్డు లాంటిదండీ, దారిలో ఎవరైనా చదివేస్తారు. కవరులో పెట్టి పంపే పద్ధతి ఆన్ చేశానండీ," అన్నాడు ఫోనులో.

"స్టాంపు అంటించావా?"

"అది సర్వరే చూసుకుంటుందండీ!"

మాస్టారు అడ్రసు కొట్టారు, యూజర్ నేమ్ కొట్టారు, పాస్‌వర్డ్ కొట్టారు. ఎర్రగా ఒక వాక్యం వచ్చింది: లాగిన్ తప్పు. ఇంకోసారి. తప్పు. ఐదోసారికి సర్వర్ అరగంట తలుపేసుకుంది. పక్కన డిస్కు టిక్కుల మధ్య వ్యవధి తగ్గుతోంది.

"యూజర్ నేమ్ ఏం పెట్టావయ్యా?"

"మీ పేరేనండీ."

"నా పేరే కొడుతున్నాను!"

"సరిగ్గా మీ పేరేనండీ మాస్టారూ."

"యాభై ఎనిమిదేళ్లుగా నాకు నా పేరు తెలుసయ్యా. ఒక్కో అక్షరం చెప్పు."

ఎలీయాజరు చెప్పాడు. ఎమ్, ఓ, హెచ్, ఐ, డి, డి, ఐ, ఎన్... ఆగలేదు. జి, ఏ, ఆర్, యు.

"గారా?"

"ఉట్టి పేరు పెట్టడానికి నోరు రాలేదండీ."

"టైపు చెయ్యడానికి నోరెందుకయ్యా?"

"చెయ్యి కూడా రాలేదండీ."

తస్లీమ్ గారు పొంగుతున్న టీ వదిలేసి మరీ నవ్వారు. అరగంట గడిచాక మాస్టారు తనను తాను గారూ అని పిలుచుకున్నారు. సర్వర్ తలుపు తీసింది.

మధ్యాహ్నం మొదలైన పంపడం సాయంత్రం ఏడింటికి ముగిసింది. మూడువందల పన్నెండూ వెళ్లాయి. ఎనిమిదింటికి డిస్కు నిశ్శబ్దమైపోయింది. కంప్యూటర్ మళ్లీ తెరుచుకోలేదు.

తెల్లారి షాపు తీసీ తీయగానే ఎలీయాజరుకి ఫోను. వెళ్లడం వేరు, చెడకుండా వెళ్లడం వేరు కదా.

"నూట నలభయ్యోది తెరువు. ఏముంది?"

"అంచు మీద గూడబాతండీ. కొల్లేరు గూడబాతు."

"ముక్కు ఎన్ని గళ్లు?"

జిరాక్సు కోసం వచ్చిన మంగాయమ్మ గారిని ఆగమని చేయి చూపించి ఎలీయాజరు లెక్కపెట్టాడు. "పద్నాలుగండీ."

"పదిహేనుండాలి," అన్నారు మాస్టారు. ఒక్క గడి పోయిందంటే ఇంకెన్ని పోయాయో!

"మళ్లీ చూస్తానండీ... పద్నాలుగేనండీ."

ఆధార్ కార్డు పట్టుకుని మంగాయమ్మ గారు బల్ల మీదుగా స్క్రీను లోపలికి దూరినంత పని చేశారు. "చివర్న లేత పసుపుది ఉంది కదా నాయనా, అదెందుకు వదిలేశావు? పదిహేను."

ఎలీయాజరు స్క్రీను దగ్గరికి వంగాడు. ఉంది.

"ఎవరయ్యా ఆవిడ?" అంటున్న మాస్టారి గొంతులో ప్రాణం లేచొచ్చింది. "ఆవిణ్ణి రేపే మా మగ్గాల దగ్గరికి పంపించు!"

"మాస్టారు మిమ్మల్ని తివాచీల పనికి రమ్మంటున్నారండీ," అన్నాడు ఎలీయాజరు.

"వస్తాన్లే," అన్నారు మంగాయమ్మ గారు, "ముందు నా జిరాక్సు తియ్యి నాయనా."